పైపొర మీది పని

ఐబ్రోస్, అప్పర్ లిప్, బ్లీచ్, ఫ్రూట్ ఫేషియల్, గోల్డ్ ఫేషియల్, హెయిర్ కలర్, స్మూతెనింగ్, కెరాటిన్, బ్రైడల్ ప్యాకేజీ. ఏలూరైనా ఖమ్మమైనా, కిరాణా కొట్టు పైన మొదటి అంతస్తులో చిన్న గదిలో నడిచే బ్యూటీ పార్లర్ గోడ మీద ధరల పట్టిక ఇంచుమించు ఈ వరసలోనే ఉంటుంది. కిందికి దిగేకొద్దీ ధర పెరుగుతుంది. దాంతోపాటే కెమిస్ట్రీ కూడా ముదురుతుంది. మొదటి పనికి నూలు దారం ఒక్కటి చాలు. కెరాటిన్ దాకా వచ్చేసరికి, మెడికల్ కాలేజీలో శరీర భాగాలను గాజు సీసాల్లో నిలవ చేసే రసాయనం బయటికొస్తుంది.

ఆ పట్టిక ముందు నిలబడే మనిషి సినిమా తార కాదు. చెల్లెలి పెళ్లి దగ్గరపడింది, ఫొటోల్లో బాగా పడాలి, తీరిక దొరికేది ఈ ఒక్క ఆదివారమే అనుకునే టీచరమ్మ. "మొత్తం మార్చెయ్యమ్మా" అంటూ కుర్చీలో కూర్చుంటుంది. మారేది ఏమిటి, ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న సంగతి మాత్రం పట్టికలో రాసి ఉండదు.

ముందు దారం. ఒక కొస పళ్ల మధ్య కరిచిపట్టి, మిగతాది వేళ్లకు చుట్టి మెలిపెట్టి, ఆ మెలికను కనుబొమ మీద జరుపుతుంటే వెంట్రుకలు మొదలంటా ఊడి వస్తాయి. "గట్టిగా సాగదీసి పట్టుకో అక్కా" అని బ్యూటీషియన్ పదేపదే చెప్పేది ఊరికే కాదు. చర్మం వదులుగా ఉంటే మెలికలో ఇరుక్కుని చీరుకుంటుంది. వెంట్రుకకు ప్రాణం లేదు. కుదురు చుట్టూ అల్లుకున్న నరాల కొసలకు ఉంది. కళ్లలో నీళ్లు తిరిగేది అందుకే.

వెంట్రుక ఊడినా కుదురు చావదు. ప్రతి కుదురూ కొన్నాళ్లు వెంట్రుకను పెంచుతుంది, తర్వాత ఆపుతుంది, కొంతకాలం విశ్రాంతి తీసుకుని పాతదాన్ని రాల్చి కొత్తది మొదలుపెడుతుంది. తల మీద ఆ పెరిగే దశ ఏళ్ల తరబడి సాగుతుంది. కనుబొమల్లో కొన్ని వారాలే. కనుబొమలు జడ వేసుకునేంత పెరగకపోవడానికి కారణం అదే. అన్ని కుదుళ్లూ ఒకే దశలో ఉండవు గనక, ఇవాళ పీకిన వాటి పక్కనే నిద్రలో ఉన్నవి వచ్చే వారం తల ఎత్తుతాయి. నెల తిరక్కుండా మళ్లీ పార్లర్ మెట్లెక్కాల్సిందే. రేజరుతో గీస్తే ఒత్తుగా మొలుస్తాయన్న భయం మాత్రం అనవసరం. అమెరికన్ అనాటమిస్టు మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే దాన్ని పరీక్షించి, గీయడం వల్ల వెంట్రుక మందం గానీ పెరిగే వేగం గానీ మారదని తేల్చారు. సన్నటి కొస పోయి మొద్దు కొస మిగలడంతో చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

ఫేషియల్ దగ్గరికి వచ్చేసరికి అసలు కథ మొదలవుతుంది. ముఖం మీద మనం ముట్టుకునేది, అద్దంలో చూసుకునేది, పౌడరు అద్దేది అంతా చనిపోయిన కణాల పొర. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న 15, 20 వరసల చదును కణాలు, వాటి సందుల్లో కొవ్వు పదార్థం. మొత్తం మందం మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఉంటుంది. అడుగున పుట్టిన కణం పైకి ప్రయాణించి, దారిలో చచ్చి, గట్టిపడి, చివరికి రాలిపోవడానికి నెల పైన పడుతుంది. నీళ్లు బయటికి పోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా కాపలా కాసేది ఈ మృతకణాల పొరే. పార్లర్‌లో జరిగే పనుల్లో చాలా భాగం దీని మీదా, దీనికి తోబుట్టువైన వెంట్రుక మీదా జరుగుతాయి. ఫలితం అంత త్వరగా కనిపించడానికీ, అంత త్వరగా చెరిగిపోవడానికీ కారణం ఇదొక్కటే.

స్క్రబ్ రాలడానికి సిద్ధంగా ఉన్న కణాలను ముందే రాలుస్తుంది. ఆవిరి మిగిలిన పొరను నానబెట్టి ఉబ్బిస్తుంది. చదునైన, తడిగా ఉన్న తలం మీద పడిన వెలుగు చెల్లాచెదురు కాకుండా ఒక దిక్కుకు తిరిగి వస్తుంది. దాన్నే మనం నిగారింపు అంటాం. మసాజుకు ముఖంలోని సన్న రక్తనాళాలు విప్పారి చెంపలకు ఎరుపు వస్తుంది. ఈ ఎరుపు కొన్ని గంటల్లో, ఆ మెరుపు రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. పెళ్లికి పదిరోజుల ముందు ఫేషియల్ చేయించుకున్న మెరుపు తాళి కట్టే వేళకు మిగలదు. అయినా పదిరోజుల ముందు చేయించుకోవడమే మంచిదని కొందరు బ్యూటీషియన్లు అంటారు. కారణం వేరు: ఏదైనా పడక దద్దురు లేస్తే తగ్గడానికి వ్యవధి ఉంటుంది. అనుభవం మీద చెప్పిన మాటే అయినా సైన్సుకు సరిగ్గా సరిపోయేది.

పండు, బంగారం, ముత్యం, వజ్రం అంటూ ఫేషియల్ పేరు మారినప్పుడల్లా ధర మారుతుంది గానీ జరిగే పని పెద్దగా మారదు. 2000లో యూరప్ చర్మ శాస్త్రజ్ఞులు బోస్, మైనార్డి ఒక లెక్క ముందుకు తెచ్చారు. 500 డాల్టన్ల కన్నా బరువైన అణువు ఆరోగ్యంగా ఉన్న చర్మంలోకి దిగడం చాలా కష్టమని వాళ్ల పరిశీలన. డబ్బా మీద పెద్ద అక్షరాలతో కనిపించే కొల్లాజెన్ అణువు బరువు దాదాపు 3 లక్షల డాల్టన్లు. అది పైపొరకు తేమనిస్తుంది, నునుపు తెస్తుంది. లోపల తగ్గిపోయిన కొల్లాజెన్ స్థానంలో వెళ్లి కూర్చోదు. బంగారం సంగతి ఇంకా చిత్రం. దేనితోనూ త్వరగా కలవని లోహం కాబట్టే దాన్ని నగలు చేయించుకుని తరాల తరబడి దాచుకుంటున్నాం. ఆ గుణమే ఉండగా ముఖం మీద పూస్తే ఏం పని చేస్తుంది? ఇవాళ్టి తులం ధర తెలిసిన ఏ ఇల్లాలైనా గోల్డ్ ఫేషియల్‌లో బంగారం ఎంతుంటుందో కాగితం లేకుండానే లెక్కకట్టగలదు.

పెళ్లికూతుర్ని చేసేటప్పుడు పెట్టే నలుగు కూడా ఈ పైపొర పనే. నువ్వుల నూనె ముందు పట్టిస్తారు, తర్వాత సున్నిపిండితో రుద్దుతారు. నూనె చర్మం మీది జిడ్డునూ దానికి పట్టిన మట్టినీ కరిగించుకుంటుంది, పిండి ఆ నూనెను పీల్చుకుని రాలే కణాలతో సహా ఊడ్చుకుపోతుంది. సబ్బులా క్షారం ఉండదు కనుక చర్మం బిగుసుకోదు. పసుపులోని కర్కుమిన్ పైపొరకు అంటుకుని రంగునిస్తుంది. ఎండ తగిలితే ఆ రంగు విరిగిపోతుంది. పార్లర్ స్క్రబ్‌లో పండ్ల గింజల పొడి ఉంటే ఇక్కడ పెసరపిండి. తేడా ఎక్కువగా సువాసనలోనూ బిల్లులోనూ.

బ్లీచ్ అనగానే చర్మం తెల్లబడుతుందని నూటికి తొంభైమంది నమ్మకం. తెల్లబడేది ముఖం మీది నూగు. క్రీములో చిటికెడు యాక్టివేటర్ పొడి కలిపినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ చురుగ్గా మారి, ఆ నూగులోని మెలనిన్‌ను ఆక్సీకరణం చేసి రంగు పోగొడుతుంది. నల్లటి నూగు బంగారు రంగుకు మారేసరికి మొత్తం ముఖం ఒక చాయ తేటపడ్డట్టు కంటికి తోస్తుంది. "మంటగా ఉందా అక్కా?" అన్న ప్రశ్నకు "కొంచెం" అని పళ్లు బిగించి కూర్చోవడం మన ఆడవాళ్లకు అలవాటు. ఆ మంటను ఓర్చుకోవడంలో లాభమేమీ లేదు. పొడి పాళ్లు ఎక్కువైనా, అదే రోజు వ్యాక్సింగో త్రెడింగో చేయించుకుని పైపొర చిరిగి ఉన్నా పెరాక్సైడ్ ప్రాణమున్న కణాలకు తగులుతుంది. అప్పుడు చర్మం కాలుతుంది. కాలిన చోట నల్లమచ్చ మిగలడం మన ఛాయ వాళ్లలో మరీ ఎక్కువ. తెల్లబడాలని వెళ్లి మచ్చతో తిరిగిరావడం అంటే ఇదే.

రంగు తయారయ్యే చోటు ఇంకా కింద ఉంది. జీవించి ఉన్న పొర అడుగున మెలనోసైట్లనే కణాలు మెలనిన్ సంచులు తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచుతుంటాయి. నార్వే మనిషిలోనూ నల్గొండ మనిషిలోనూ ఆ కణాల సంఖ్య దాదాపు సమానమే. సంచుల పరిమాణం, అవి పంపిణీ అయ్యే తీరు వేరు. ఈ తేడాలో పెద్ద పాత్ర పోషించే ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువును 2005లో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కీత్ చెంగ్ బృందం జీబ్రా చేపల్లో పట్టుకుంది. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, దక్షిణాసియా వాళ్లలో లేతరంగు ఇచ్చే ఆ జన్యు రూపం, యూరప్ వాళ్లలోని రూపం ఒకే పూర్వమూలం నుంచి వచ్చినవి. ఒకే ఇంట్లో అక్క చామనఛాయ, చెల్లెలు తెలుపు అయితే అది తల్లిదండ్రుల నుంచి ఎవరికి ఏ జన్యు రూపాలు అందాయన్న దాని ఫలితం. పాలమీగడ వల్లా కుంకుమపువ్వు వల్లా అయింది కాదు.

ఈ కింది పొర మీద చెయ్యి వేయబోయినప్పుడే తంటా. 1975లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది, 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టుకుంది. ఇలాంటి క్రీముల్లో వాడే నియాసినమైడ్ మెలనిన్ సంచుల పంపిణీని కొంత మందగింపజేస్తుంది. మార్పు స్వల్పం, హాని తక్కువ. ఆ స్వల్పంతో తృప్తి పడనివాళ్లకు మందుల షాపు వాడు, పక్కింటావిడ, కొన్నిచోట్ల పార్లర్ కూడా చేతిలో పెట్టే ట్యూబు వేరు. అందులో బీటామెథసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్ ఉంటుంది. దానికి తోడు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపినవీ ఉన్నాయి. ఆ మూడూ కలిపింది మంగు మచ్చలకు డాక్టరు కొద్ది వారాలకు రాసే మందు. స్టెరాయిడ్ రక్తనాళాలను బిగిస్తుంది, మంటను అణుస్తుంది, రంగు తయారీని తగ్గిస్తుంది. వారంలో ముఖం తేటపడుతుంది. అందరూ అడుగుతారు, ఏం వాడుతున్నావని. అక్కడి నుంచి ట్యూబు చేతులు మారుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి ఎర్రటి రక్తనాళాలు తేలతాయి, మొటిమలు పొటమరిస్తాయి, చెంపల మీద వెంట్రుకలు మొలుస్తాయి. మానేస్తే భగ్గున మండుతుంది, మళ్లీ పూస్తే హాయిగా ఉంటుంది. దీంతో మానలేరు.

ఇది ఎక్కడో ఒకరికి జరిగే ముచ్చట కాదు. మన దేశంలోని చర్మవ్యాధుల కేంద్రాల్లో ముఖం మీద సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నట్టు తేలింది. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి ఒత్తిడి చేశాక 2018లో కేంద్రం అనేక స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో చేర్చింది. చీటీ అడగని షాపులు ఇప్పటికీ ప్రతి సెంటర్లోనూ ఉన్నాయి.

పాదరసం ఇంకా పాత శత్రువు. మెలనిన్ తయారీకి తప్పనిసరైన టైరోసినేజ్ అనే ఎంజైమును అది స్తంభింపజేస్తుంది కాబట్టి నిజంగానే తెల్లబరుస్తుంది. చర్మం దాటి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రపిండాల్లోకి చేరుతుంది. కేరళలోని కొట్టక్కల్‌లో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు మెంబ్రనస్ నెఫ్రోపతీ అనే మూత్రపిండ వ్యాధితో 22 మంది ఆస్పత్రికి వచ్చారు. వారిలో 15 మందిలో చాలా అరుదుగా కనిపించే రకం బయటపడింది. ఏమిటీ వింత అని డాక్టర్లు ఆరా తీస్తే ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లే. కాళ్ల వాపు, మూత్రంలో నురగతో వచ్చిన మనిషి తన ముఖం క్రీము గురించి తానుగా ఎందుకు చెబుతుంది? డాక్టరు అడగాలి. ఆ డాక్టర్లు అడిగారు కనుక తెలిసింది. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు లేని దిగుమతి డబ్బాలను పక్కన పెట్టడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక జుట్టు. వెంట్రుక అంటే కెరాటిన్ అనే ప్రొటీను పోగుల కట్ట. ఆ పోగులను పట్టి ఉంచే బంధాల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. హైడ్రోజన్ బంధాలు బలహీనం, తడికీ వేడికీ విడిపోయి ఆరగానే మళ్లీ కలుస్తాయి. ఐరన్ పెట్టి సాపు చేసిన జుట్టు విశాఖ బీచ్ గాలికి అరగంటలో మళ్లీ ఉంగరాలు తిరిగేది వీటి వల్లే. గంధకపు పరమాణువుల మధ్య ఉండే డైసల్ఫైడ్ బంధాలు గట్టివి, పుట్టు ఉంగరాల ఆకారాన్ని నిలబెట్టేవి అవే. లండన్‌లో స్థిరపడిన జర్మన్ క్షురకుడు కార్ల్ నెస్లర్ 1900ల మొదటి దశకంలో క్షారం, వేడి ఇత్తడి కడ్డీలతో సాపు జుట్టుకు శాశ్వతంగా ఉంగరాలు తిప్పే పద్ధతి కనిపెట్టాడు. ప్రయోగాలకు తల అప్పజెప్పింది భార్య కాథరీనా. మొదటి ప్రయత్నాల్లో ఆమె జుట్టు కాలిపోయింది. మేకోవర్ల చరిత్రలో పేరు భర్తకు దక్కింది.

ఇప్పటి స్ట్రెయిటెనింగ్, స్మూతెనింగ్‌లు ఆ పనినే తిరగేసి చేస్తాయి. థయోగ్లైకోలేట్ క్రీము గంధకపు బంధాలను తెంచుతుంది, ఐరన్ జుట్టును చదును చేస్తుంది, న్యూట్రలైజర్ బంధాలను కొత్త చోట్ల మళ్లీ కలుపుతుంది. అన్నీ తిరిగి కలవవు కనుక జుట్టు ఎంతో కొంత బలహీనపడుతుంది. కుదురుకు ఈ సంగతేమీ తెలియదు. నెలకు సుమారు సెంటీమీటరు చొప్పున పాత పద్ధతిలోనే ఉంగరాల జుట్టు పంపిస్తూ ఉంటుంది. ఆరు నెలలకు పాపిట దగ్గర రెండంగుళాలు ఒక తీరు, కింద మరో తీరు.

రంగు వేయడం వెంట్రుక లోపల జరిగే పని. 1907లో పారిస్‌లో యూజీన్ షూలర్ అనే యువ రసాయనశాస్త్రజ్ఞుడు తయారుచేసి క్షౌరశాలలకు అమ్మిన రంగు తర్వాత లొరియాల్ కంపెనీకి పునాది అయింది. నేటి నల్ల డైలలో ముఖ్యమైనది పారాఫినైలీన్ డయమైన్, పొట్టిగా పీపీడీ. బరువు 108 డాల్టన్లు. అంత చిన్నది కనుక వెంట్రుకలోకి సులువుగా దూరి, పెరాక్సైడుతో కలిసి పెద్ద రంగు అణువులుగా మారి, బయటికి రాలేక ఇరుక్కుపోతుంది. చిన్నది కనుకే నెత్తి చర్మంలోకి కూడా దూరుతుంది. ఒకసారి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటే ఆ పగ జన్మంతా ఉంటుంది. పదేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా వేసుకున్నవాళ్లకు పదకొండో ఏట కనురెప్పలు వాచి మూసుకుపోవచ్చు. మోచేతి మడతలో చుక్క రాసి 48 గంటలు ఆగమని పెట్టె మీద రాసేది అందుకే. ఆ పెట్టె తెల్లారేలోగా చెత్తబుట్టలో ఉంటుంది.

గోరింటాకులోని లాసోన్ కూడా చిన్న అణువే, కానీ అది పైపొరలోని కెరాటిన్‌కే అతుక్కుపోతుంది. ఆకు నూరినప్పుడు, చింతపండో నిమ్మరసమో కలిపినప్పుడు విడుదలై, రాత్రంతా అరచేతిలో పనిచేస్తుంది. అరచేతిలో ఆ మృతకణాల పొర మిగతా ఒంటి కన్నా ఎన్నో రెట్లు మందం. ఆషాఢంలో ఎర్రగా పండిన చేతికి మంచి మొగుడొస్తాడంటారు. మొగుడి సంగతి ఎలా ఉన్నా, పండటానికి కారణం ఈ మందం. గంటలోనే నల్లగా పండుతుందంటూ జాతరల్లో అమ్మే "బ్లాక్ మెహందీ" కోన్‌లతో మాత్రం జాగ్రత్త. గోరింటాకు నలుపు ఇవ్వదు. చాలావాటిలో ఆ నలుపు పీపీడీదే. దాన్ని తలకు కాకుండా నేరుగా చర్మానికి, అదీ పసిపిల్లల చేతులకు పూస్తున్నారన్నమాట.

జుట్టు కడిగే బేసిన్ దగ్గర రసాయనాలతో పనిలేని ప్రమాదం ఒకటి ఉంది. 1993లో అమెరికన్ న్యూరాలజిస్టు మైకేల్ వైంట్రాబ్, సెలూన్లో తలస్నానం తర్వాత పక్షవాతం లక్షణాలతో వచ్చిన అయిదుగురు మహిళల గురించి రాశారు. 2022లో హైదరాబాద్ అపోలో ఆస్పత్రి న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ అలాంటి కేసునే వెల్లడించారు. యాభై ఏళ్ల మహిళకు పార్లర్‌లో జుట్టు కడుగుతుండగా తల తిరగడం, వాంతులు మొదలయ్యాయి. మెడ అతిగా వెనక్కి వాల్చినప్పుడు వెన్నుపూసల వెంట మెదడుకు వెళ్లే ధమని నొక్కుకుపోవడం కారణం. చాలా అరుదైన సంగతి, కానీ తప్పించుకోవడం తేలిక: మెడ కింద మందంగా చుట్టిన టవలు, తల కొద్దిగా మాత్రమే వాల్చడం. నొప్పి పుడితే "చాలమ్మా, లేపు" అనడానికి మొహమాటపడకపోవడం.

కెరాటిన్ ట్రీట్‌మెంట్ పేరు వినగానే జుట్టుకు ప్రొటీను పోస్తారనిపిస్తుంది. చాలా ద్రావకాల్లో అసలు పని ఫార్మాల్డిహైడ్‌ది. ప్రొటీన్ల మధ్య కొత్త వంతెనలు కట్టి వాటిని ఉన్న ఆకారంలో బిగించడం దాని గుణం. అనాటమీ ల్యాబు ఫార్మాలిన్ చేసేదీ అదే. 200 డిగ్రీలు దాటిన ఐరన్ ఆ జుట్టు మీద నడిచినప్పుడు అది వాయువై గదిలో నిండుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. దానికి బదులుగా కొన్ని కంపెనీలు గ్లయాక్సిలిక్ ఆమ్లం తెచ్చాయి. 2024లో ఫ్రాన్స్ డాక్టర్లు రాసిన కేసులో 26 ఏళ్ల మహిళకు మూడుసార్లు ఆ ట్రీట్‌మెంట్ చేయించుకున్నాక మూడుసార్లూ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఎలుకల చర్మం మీద అదే క్రీము పూసి చూస్తే కిడ్నీల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కనిపించాయి.

కుర్చీలో కూర్చున్నామె ఆ పొగను ఏడాదికి ఒకటి రెండుసార్లు పీలుస్తుంది. వెనక నిలబడి ఐరన్ పట్టుకున్న అమ్మాయి పెళ్లిళ్ల సీజన్లో రోజూ పీలుస్తుంది, అదీ ఏసీ కోసం కిటికీలు బిగించిన గదిలో. 2010లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఇలాంటి సీసాలో ఏముందో బయటపడటానికి దారితీసింది కూడా జుట్టు సాపు చేసే పనివాళ్లే. కళ్ల మంటలు, ముక్కులోంచి రక్తం అంటూ వాళ్లు ఫిర్యాదు చేస్తే, ఫార్మాల్డిహైడ్ లేదని సీసా మీద రాసిన ద్రావకాన్ని రాష్ట్ర కార్మిక భద్రతా సంస్థ పరీక్షించింది. సగటున 8 శాతానికి పైగా ఉన్నట్టు తేలింది. మన దగ్గర ఆ సీసాల మీద ఫార్మాల్డిహైడ్ కొన్నిసార్లు మెథిలీన్ గ్లైకాల్ అనీ, ఫార్మాలిన్ అనీ వేరే పేర్లతో కనిపిస్తుంది. కళ్లు మండుతున్నాయని అమ్మాయి చెబితే, చూడాల్సింది ముందు సీసా వెనక వైపు, తర్వాత గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందా లేదా అన్నది.